సందేహాల నదిలో దారి చూపినవాళ్ళు

(తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన చరిత్ర ప్రసంగానికి అక్షర రూపం)



అమెరికాలో బడికి వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ థియోడర్ రూజ్వెల్ట్ ఏదో ఒక రూపంలో ఉంటాడు. పాఠ్యపుస్తకంలో 26వ అధ్యక్షుడిగా ఉంటాడు. రష్‌మోర్ కొండ మీద చెక్కిన నాలుగు ముఖాల్లో ఒకటిగా ఉంటాడు. ఏదీ కాకపోతే పిల్లల మంచం మీద టెడ్డీ బేర్‌గానైనా ఉంటాడు. ఆ బొమ్మకు ఆ పేరు వచ్చింది ఆయన ముద్దుపేరు నుంచే. ఈవేళ చెప్పబోయేది ఆయన కథే గాని, ఆయన ఒక్కడి కథ కాదు. 1914లో బ్రెజిల్ అడవుల్లో, అప్పటికి ఏ పటంలోనూ సరిగా ఎక్కని ఒక నదిలోకి 22 మంది దిగారు. వాళ్ళలో అమెరికన్లు ముగ్గురే. మిగిలిన 19 మంది సంగతి కూడా చెప్పుకుంటేనే ఈ కథ పూర్తవుతుంది.

ముందు రూజ్వెల్ట్ అక్కడికి ఎందుకు వెళ్ళాడో చూద్దాం. 1901 నుంచి 1909 దాకా అధ్యక్షుడిగా చేశాడు. 1912లో వేరే పార్టీ పెట్టుకుని మళ్ళీ పోటీ చేసి, వుడ్రో విల్సన్ చేతిలో ఓడిపోయాడు. ఆ ప్రచారంలోనే మిల్వాకీలో ఒకడు ఆయన మీద తుపాకీ పేల్చాడు. గుండు ఒంట్లో ఉండగానే ఉపన్యాసం పూర్తి చేసిన మొండిమనిషి ఆయన. ఓటమి తరవాత ఊరికే కూర్చోలేకపోయాడు. దక్షిణ అమెరికా దేశాల నుంచి ఉపన్యాసాలకు పిలుపు వస్తే, పనిలో పనిగా అమెజాన్ అడవులు చూసి, పక్షుల్నీ జంతువుల్నీ సేకరించి తెద్దామనుకున్నాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ళు జార్జ్ చెర్రీ, లియో మిల్లర్ అనే ఇద్దరు ప్రకృతి శాస్త్రజ్ఞుల్ని తోడిచ్చారు. 1913 అక్టోబరు 4న న్యూయార్క్‌లో ఓడ ఎక్కారు. అప్పటికి వాళ్ళు అనుకున్నది నలుగురూ తిరిగిన నదుల మీద ప్రయాణమే.

రియో డి జనీరో చేరాక ఆ ఆలోచన మారిపోయింది. బ్రెజిల్ విదేశాంగ మంత్రి లౌరో ముల్లర్ ఒక కొత్త సంగతి చెప్పాడు. తమ సైన్యంలోని కర్నల్ రోండాన్ 1909లో అడవి మధ్యలో ఒక నది పుట్టుక చూశాడు. అది ఎటు పోతుందో, ఏ నదిలో కలుస్తుందో తెలియదు. అందుకే దానికి ‘సందేహాల నది’ అని పేరు పెట్టాడు. కావాలంటే ఆయనే వెంట ఉండి తీసుకువెళతాడు. రూజ్వెల్ట్ వెంటనే సరేనన్నాడు. అప్పటికి ఆయనకు దాదాపు 55 ఏళ్ళు.

ఈ కాండిడో రోండాన్ గురించి మన పిల్లల పుస్తకాల్లో పెద్దగా ఉండదు గనక కాస్త చెప్పుకోవాలి. 1865లో మాటో గ్రోసో ప్రాంతంలో పుట్టాడు. తల్లి తరఫున ఆదివాసుల రక్తం ఉన్నవాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులిద్దరూ పోయారు. బంధువుల దగ్గర పెరిగి, సైన్యంలో చేరి, ఇంజినీరు అయ్యాడు. బ్రెజిల్ పడమటి అడవుల గుండా టెలిగ్రాఫు తీగలు వేయించడం ఆయన ఉద్యోగం. ఆ పనిలో నంబిక్వారా అనే ఆదివాసులు బాణాలు వేసినా, తన మనుషుల్ని తిరిగి కాల్చనివ్వలేదు. చావవలసి వస్తే చావండి గాని చంపకండి అన్నది ఆయన పెట్టిన నియమం. 1910లో బ్రెజిల్ ప్రభుత్వం ఆదివాసుల రక్షణ కోసం ఒక శాఖ పెడితే దానికి మొదటి అధిపతి ఆయనే.

ఇద్దరూ 1913 డిసెంబరు 12న పరాగ్వే నది మీద కలుసుకున్నారు. ఒకరికి పోర్చుగీసు రాదు, ఇంకొకరికి ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ కొద్దో గొప్పో వచ్చిన ఫ్రెంచిలో మాట్లాడుకున్నారు. జనవరిలో కంచరగాడిదల మీదా ఎద్దుల మీదా సామాన్లు వేసుకుని పీఠభూమి ఎక్కారు. దారిలో పరేసి అనే ఆదివాసులు రబ్బరు బంతిని చేతులతో గాని కాళ్ళతో గాని తాకకుండా, ఒట్టి తలలతో కొట్టి ఆడే ఆట చూసి రూజ్వెల్ట్ ముచ్చటపడి రాసుకున్నాడు. ఇంకా నదిలో దిగకముందే పశువులు ఒక్కొక్కటే కూలిపోయాయి. న్యూయార్క్ నుంచి మోసుకొచ్చిన సామాన్లలో చాలా వాటిని దారిలోనే వదిలేశారు. మనుషుల్ని కూడా తగ్గించి, మిల్లర్‌తో సహా కొందరిని వేరే దారిన పంపేశారు.

1914 ఫిబ్రవరి 27న ఏడు దోనెల్లో నదిలోకి దిగారు. చెట్టు మాను తొలిచి చేసిన దోనెలు, బరువైనవి. అమెరికన్లు రూజ్వెల్ట్, ఆయన కొడుకు కెర్మిట్, చెర్రీ. బ్రెజిల్ వాళ్ళు రోండాన్, లెఫ్టినెంట్ లీరా, డాక్టర్ కాజజేరా. వీళ్ళు కాక 16 మంది పడవవాళ్ళు, కూలీలు.

మొదట్లో నది నెమ్మదిగానే ఉంది. కెర్మిట్ ముందు దోనెలో వెళ్ళి, ప్రతి మలుపు దగ్గరా ఒడ్డుకు దిగి, కొమ్మలు కొట్టి కొలత కర్ర నిలబెట్టాలి. వెనక లీరా దూరం లెక్కగట్టాలి. రోండాన్ దిక్సూచి చూసి రాసుకోవాలి. మొదటి రోజు ఒక్క పూటలోనే కెర్మిట్ సుమారు వందసార్లు దిగాడు. రోండాన్‌కి పటం ముఖ్యం. రూజ్వెల్ట్‌కి తిండి అయిపోయేలోగా అందరూ బయటపడటం ముఖ్యం. ఇద్దరి మాటా న్యాయమైనదే. చివరికి రూజ్వెల్ట్ పట్టుబట్టి ఆ కొలతల్ని తేలిక చేయించాడు.

తరవాత రాళ్ళ మధ్య ఉరవళ్ళు మొదలయ్యాయి. దోనె పోలేని ప్రతిచోటా కూలీలు అడవి కొట్టి దారి చేయాలి, దుంగలు పరవాలి, నీళ్ళలో నానిన దోనెను వాటి మీద దొర్లించుకుంటూ లాగాలి. ఒక్కో జలపాతం దాటడానికి రోజులు పట్టేది. కొన్ని దోనెలు కొట్టుకుపోతే, చెట్లు నరికి కొత్తవి తొలిచారు. మార్చి 15న కెర్మిట్ ఉన్న దోనె సుడిలో పడింది. కెర్మిట్ ఎలాగో బయటపడ్డాడు. సింప్లీసియో అనే పడవవాడు మునిగిపోయాడు, శవం కూడా దొరకలేదు. అతని పేరు రాసి ఒడ్డున ఒక స్తంభం పాతారు. అతనికి రావలసిన డబ్బు తల్లికి పంపుతామని రూజ్వెల్ట్ తన పుస్తకంలో రాశాడు.

మర్నాడు రోండాన్ కుక్క ఆదివాసుల బాణాలకు చచ్చిపోయింది. ఆ అడవి సింటా లార్గా అనేవాళ్ళది. వాళ్ళు చెట్ల చాటు నుంచి అందరినీ చూస్తూనే ఉన్నారు గాని, ఒక్కరూ ఎదటపడలేదు. రోండాన్ తుపాకులు ఎత్తనివ్వలేదు. గొడ్డళ్ళు, పూసలు లాంటివి కానుకగా అక్కడ వదిలి వచ్చాడు. తలుచుకుంటే ఆ 22 మందినీ ఇరుకు దారుల్లో చంపేయడం వాళ్ళకు కష్టం కాదు. చంపలేదు, పోనిచ్చారు. అంత చేసీ ఈ ప్రయాణం కథలో వాళ్ళు ఒక్క కుక్కను చంపినవాళ్ళుగానే మిగిలారు.

మార్చి 18న రోండాన్ అందరినీ నిలబెట్టి, బ్రెజిల్ ప్రభుత్వం తరఫున ఆ నదికి రూజ్వెల్ట్ నది అని పేరు పెట్టాడు. అప్పటికి ఆ పేరుగల మనిషి ప్రాణాలతో బయటపడతాడో లేదో తెలియదు. పది రోజులు తిరగకముందే, ఇరుక్కున్న దోనెల్ని విడిపించబోయి రూజ్వెల్ట్ కాలు రాతికి కొట్టుకుని చీరుకుపోయింది. పుండు పడింది, పైగా మలేరియా జ్వరం. తనను వదిలేసి పొమ్మన్నాడు. వెంట తెచ్చుకున్న మార్ఫిన్‌తో ప్రాణం తీసుకోవాలని కూడా అనుకున్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. తన శవాన్నైనా మోసుకుపోక తప్పదని గ్రహించి, నడవడమే నయమనుకున్నాడు. కొండల మధ్య ఇరుకు లోయ వచ్చినప్పుడు, దోనెలు వదిలేయవలసిందే అన్నాడు రోండాన్. బ్రెజిల్‌లో వంతెనల పని చేసిన అనుభవంతో కెర్మిట్, లీరాతోనూ కూలీలతోనూ కలిసి, దోనెల్ని తాళ్ళు కట్టి కిందికి దించాడు. కాజజేరా ఆ అడవిలోనే, మత్తుమందు లేకుండా రూజ్వెల్ట్ కాలు కోసి చీము తీశాడు.

తిండి కరువైనచోట మనుషుల గుణాలు కూడా బయటపడ్డాయి. ఏప్రిల్ 3న జూలియో అనే కూలీ, తిండి దొంగతనం చేస్తున్నాడని తనను మందలించిన పైషావ్‌ను కాల్చి చంపి అడవిలోకి పారిపోయాడు. దొరికితే కాల్చేయాలన్నాడు రూజ్వెల్ట్. బ్రెజిల్ చట్టంలో మరణశిక్ష లేదు, పట్టుకుని కోర్టుకు అప్పగించాలన్నాడు రోండాన్. మూడు రోజులకు జూలియో ఒడ్డున నిలబడి ఎక్కించుకోమని బతిమాలాడు. దోనెలు ఆగలేదు. తరవాత రోండాన్ మనుషుల్ని వెనక్కి పంపి వెతికించాడు గాని, జూలియో దొరకలేదు.

ఏప్రిల్ 15న రబ్బరు పాలు తీసేవాళ్ళ గుర్తులు కనిపించాయి. ఆ నెలాఖరులో, అరిపువానా నది కలిసేచోట తమ కోసం కాచుకున్న సైనికుల్ని చేరుకున్నారు. దిగినవాళ్ళు 22 మంది, బయటపడ్డవాళ్ళు 19 మంది. రూజ్వెల్ట్ ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. చెర్రీ, మిల్లర్ కలిసి సేకరించిన రెండు వేలకు పైగా పక్షులు, వందల జంతువుల నమూనాలు మ్యూజియానికి చేరాయి.

అంత పెద్ద నది ఇంతకాలం ఎవరికీ తెలియకుండా ఉంటుందా అని కొందరు భూగోళ పండితులు నమ్మలేదు. రూజ్వెల్ట్ 1914 మే 26న వాషింగ్టన్‌లో ఉపన్యాసం చెప్పి వాళ్ళకు జవాబిచ్చాడు. 1927లో జార్జ్ డయట్ అదే నది మీద ప్రయాణం చేసి, ఆ మాట నిజమేనని తేల్చాడు. ఆ సరికి రూజ్వెల్ట్ లేడు, 1919లోనే పోయాడు. రోండాన్ 1958 దాకా బతికాడు. బ్రెజిల్‌లో ఒక రాష్ట్రం ఆయన పేరు మీద రోండోనియా అయింది.

ఇప్పుడు మన సంగతి. న్యూయార్క్ వెళ్ళినవాళ్ళు ఆ మ్యూజియం మెట్ల ముందు రూజ్వెల్ట్ విగ్రహం చూసే ఉంటారు. 1940లో పెట్టారు. ఆయన గుర్రం మీద ఉంటే, అటొక ఆదివాసి, ఇటొక ఆఫ్రికన్ నడుస్తూ ఉండేవారు. వాళ్ళు దారి చూపేవాళ్ళకు గుర్తు అని శిల్పి జేమ్స్ ఫ్రేజర్ చెప్పాడు. దారి చూపేవాళ్ళయితే పేర్లు లేకుండా కింద ఎందుకు నడుస్తున్నారని చాలామంది అడిగారు. ఏళ్ళ తరబడి వాదం నడిచాక 2022 జనవరిలో ఆ విగ్రహం తీసేశారు. తీయడం మంచిదా కాదా అని మనలోనూ రెండు అభిప్రాయాలుంటాయి. విగ్రహం తీసేసినంత మాత్రాన పక్కన నడిచినవాళ్ళ పేర్లు మన పిల్లలకు తెలియవు కదా అన్నది నా మాట. రూజ్వెల్ట్ తన పుస్తకంలో రోండాన్‌ను, కూలీలను మనసారా మెచ్చుకున్నాడు. ఆ పేర్లు రాలిపోయింది తరవాత మనం చెప్పుకున్న కథలోనే.

ఇది ఒక్క అమెరికా అలవాటు కాదు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని ఇల్లుండదు. ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఆయన పక్కనే నిలిచిన వీణెం వీరన్న పేరు ఎంతమంది ఇళ్ళలో వినిపిస్తుంది? 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర డెబ్బై మందికి పైగా ఉన్న పడవ మునిగింది. ఎన్ని పరికరాలున్నా దాన్ని పైకి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం, ఆయన మనుషులు. అక్టోబరు 22న తీశారు. ఆ సుడులు తెలిసినవాళ్ళ లెక్క వేరు.

ఇంకొక్క మాట. రోండాన్ వేసిన టెలిగ్రాఫు దారుల వెంటే తరవాత రబ్బరువాళ్ళు, భూములవాళ్ళు వచ్చారు. 1963లో సింటా లార్గాల ఊరి మీద రబ్బరు వ్యాపారుల మనుషులు దాడి చేసి చిన్నపిల్లలతో సహా చంపారు. ఈనాడు వాళ్ళ భూమిలో ఒక భాగానికి ప్రభుత్వ కాగితాల్లో ఉన్న పేరు రూజ్వెల్ట్! 1914లో ఆ 22 మందినీ ప్రాణాలతో పోనిచ్చినవాళ్ళు వాళ్ళే.

ఈసారి పిల్లలకు టెడ్డీ బేర్ కథ చెప్పేటప్పుడు ఈ కథ కూడా చెప్పండి. చెప్పేటప్పుడు రోండాన్, లీరా, కాజజేరా, సింప్లీసియో, పైషావ్ అని పేర్లు పెట్టి చెప్పండి. అమెజాన్ గాని, మన పాపికొండలు గాని, ఎక్కడికి తీసుకువెళ్ళినా పడవ నడిపే మనిషి పేరు అడగడం వాళ్ళకు అలవాటు చేయండి.

సెలవు.