నక్క పెట్టిన విందు

మా అక్క కూతురు ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగాల వేటలో ఉంది. మొన్నొక రాత్రి పదిన్నరకు ఫోను చేసి, "పిన్నీ, నేను ఏదైనా ఫంక్షనుకి వెళ్తే కొత్తవాళ్ళతో మాటలు కలుపుతానా, తెలిసినవాళ్ళ పక్కనే కూర్చుంటానా?" అని అడిగింది.

"నీ సంగతి నన్నడుగుతావేమిటే?" అన్నాను.

"నా సంగతి నాకు తెలుసు పిన్నీ. కంపెనీవాళ్ళకి ఏది కావాలో తెలీడంలేదు. నువ్వు నవలలు రాస్తావు కదా, అవతలివాళ్ళ మనసులో ఏముందో నీకు తెలుస్తుందేమోనని..."

అదీ సంగతి. పెద్ద ఉద్యోగాలకు ఇప్పుడు మార్కులూ సర్టిఫికెట్లూ చాలవు. సైకోమెట్రిక్ టెస్టులని ఉంటాయి. అందులో ఒక రకం తెలివిని కొలుస్తుంది. అంకెల వరసలో తర్వాతది ఏమిటి, ఈ బొమ్మల్లో తేడా ఏది, పేరా చదివి నిజమో అబద్ధమో చెప్పు - అన్నీ గడియారం పెట్టి. దీనికి సాధన చెయ్యొచ్చు. పాత ప్రశ్నలు తెచ్చుకుని, టైము పెట్టుకుని పది రోజులు కూర్చుంటే చెయ్యి తిరుగుతుంది. రెండో రకం స్వభావాన్ని కొలుస్తుంది. దానికి సాధనేమిటి? మనం మనలా ఉండడానికి కూడా రిహార్సల్సు వేసుకోవాలా?

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ పిల్ల గొంతులో బెదురు విన్నాక నవ్వు ఆగిపోయింది. అప్పటికే రెండుచోట్ల ఈ టెస్టు దగ్గరే ఆగిపోయిందట. ఎన్ని మార్కులొచ్చాయో, ఎందుకు పనికిరాలేదో చెప్పే నాథుడు లేడు. నేనా, చరిత్ర చదువుకున్న బి.ఏ.ని. ఏదైనా కొరుకుడు పడకపోతే అది ఎక్కడ పుట్టిందో వెతుక్కోవడం నాకు అలవాటు.

వెతికితే మొదట కనిపించినవాడు చాలా మంచివాడు. పేరు ఆల్ఫ్రెడ్ బినే, ఊరు పారిస్. బడిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి వాళ్ళకు ప్రత్యేకంగా చదువు చెప్పాలని ప్రభుత్వం అనుకుంటే, ఆయన సిమోన్ అనే డాక్టరుతో కలిసి 1905లో ఒక ప్రశ్నల వరస తయారుచేశాడు. ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికే ఆ పరీక్ష. తెలివి అనేది ఒకే ఒక్క అంకెలో ఇమిడేది కాదనీ, పుట్టుకతో బిగుసుకుపోయేది కాదనీ ఆయన గట్టిగానే చెప్పాడు. 1911లో పోయాడు. తన పరీక్ష సముద్రం దాటి ఏమైందో చూడలేదు.

అమెరికా 1917లో యుద్ధంలోకి దిగింది. లక్షలమంది కుర్రాళ్ళు సైన్యంలోకి వస్తున్నారు. వీళ్ళలో ఎవరు ఏ పనికి పనికొస్తారు? రాబర్ట్ యెర్క్స్ అనే ఆయన నాయకత్వంలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు రెండు పరీక్షలు తయారుచేశారు. చదువొచ్చినవాళ్ళకి ఆల్ఫా, చదవడం రానివాళ్ళకీ ఇంగ్లీషు రానివాళ్ళకీ బొమ్మల పరీక్ష బీటా. మొత్తం పదిహేడు లక్షలమంది దాకా రాశారు. మనిషిని ఇలా టోకున తూచడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

ప్రశ్నలు చూడండి. 'క్రిస్కో' అంటే ఏమిటి - మందా, క్రిమిసంహారిణా, పళ్ళపేస్టా, తినే పదార్థమా? క్రిస్కో అంటే మన డాల్డాలాంటి వంటనూనె ముద్ద. అమెరికా ఇల్లాలికి అది నిద్రలో అడిగినా తెలుస్తుంది. నిన్నగాక మొన్న ఇటలీనుంచో పోలండునుంచో ఓడ దిగినవాడికి ఎలా తెలుస్తుంది? మన ముత్తాతని కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడిగితే ఆయన తెలివితక్కువవాడై పోయేవాడన్నమాట! బొమ్మల పరీక్షా అంతే. బొమ్మలో ఏది లోపించిందో గీసి చూపించాలి. టెన్నిసు కోర్టులో వల లేదు, ఇంటికి పొగగొట్టం లేదు. సిసిలీ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఆ ఇంటిమీద సిలువ గీశాడట. వాళ్ళ ఊళ్ళో ఇంటికి ఉండేది అదే. సున్నా వేశారు.

ఈ అంకెలన్నీ పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే పండితుడు, ఏ దేశంవాళ్ళకు ఎంత తెలివో తేలుస్తూ 1923లో ఏకంగా పుస్తకమే వేశాడు. ఏడేళ్ళకు, ఆ తీర్మానాలకు పునాది లేదని తానే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం గొప్పే, కాదనను. కానీ ఆ ఏడేళ్ళలో వలస వచ్చేవాళ్ళ తలుపు సగానికి పైగా మూసుకుపోయింది.

యుద్ధం అయ్యాక ఈ విద్య కంపెనీల్లోకి చేరింది. 1950ల నాటికి, నువ్వు ఎంత తెలివైనవాడివి అని అడగడంతో ఊరుకోలేదు, నువ్వు ఎలాంటివాడివి అని కూడా అడగడం మొదలైంది. విలియం వైట్ అనే పత్రికా రచయితకు ఒళ్ళు మండి, 1956లో రాసిన 'ది ఆర్గనైజేషన్ మాన్' అనే పుస్తకం చివర, ఈ టెస్టుల్ని మోసగించడం ఎలాగో ఒక అనుబంధం జతచేశాడు. మా పిల్ల అడిగిన ప్రశ్నకి డెబ్భై ఏళ్ళనాటి జవాబు అది. అమ్మానాన్నలిద్దరూ ఇష్టమే, నాన్న ఒక పిసరు ఎక్కువ ఇష్టం అనాలట. లోకం ఉన్నది ఉన్నట్టు బాగానే ఉందనాలి. పుస్తకాలూ సంగీతమూ అంటే మరీ పడిచస్తానని అనకూడదు. భార్యాపిల్లలంటే ప్రేమే గానీ ఆఫీసు పనికి వాళ్ళని అడ్డం రానివ్వనని తెలిసేట్టు రాయాలి. పరీక్ష రాసేవాడు మగవాడేనని ఆయన కూడా అనుకున్నాడు చూశారా! ఆడపిల్ల రాస్తే ఏ జవాబు పెట్టాలో ఆ అనుబంధంలో లేదు.

మనకి ఆ అనుబంధం అక్కరలేదు లెండి. పెళ్ళిచూపులకి ముందురోజు మన అమ్మమ్మలు చేయించింది ఇదే కదూ? "పుస్తకాలు చదువుతావా అమ్మాయ్?" అంటే "తీరికున్నప్పుడు" అనాలి. "వంట?" అంటే "అమ్మకి సాయం చేస్తానండీ" అనాలి. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. వాళ్ళింట్లో ఏం చెల్లుతుందో ముందే కనుక్కుని దానికి తగ్గట్టు చెప్పడం.

ఈ వెతుకులాటలో నాకు ఎదురైన ఇంకొకావిడ ఉంది. ఆవిడ నాలాగే నవలా రచయిత్రి. పేరు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్. ఒక పత్రిక పెట్టిన డిటెక్టివ్ నవలల పోటీలో బహుమతి కొట్టింది. ఎల్లరీ క్వీన్ పేరుతో రాసే ఇద్దరు కజిన్స్‌కి బహుమతి మీదేనని చెప్పాక ఆ పత్రిక చేతులు మారి ఈవిడకు ఇచ్చారట. రచయితల తలరాతలు అన్ని దేశాల్లోనూ ఒకటే! ఆవిడ తల్లి కేథరిన్ ఇంట్లో కూర్చునే మనుషుల స్వభావాలను రకాలుగా విడదీస్తుండేది. 1923లో యూంగ్ రాసిన పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చాక, నేను వెతుకుతున్నది ఇదేనంది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళి, ఆడవాళ్ళు మొదటిసారి ఫ్యాక్టరీలకూ ఆఫీసులకూ వస్తుంటే, వీళ్ళ స్వభావానికి ఏ పని నప్పుతుందో చెప్పాలని కూతురు ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. మనస్తత్వ శాస్త్రంలో డిగ్రీ లేదు. ఇంట్లో పిల్లల మీదా, వాళ్ళ స్కూలు పిల్లల మీదా ప్రయోగించి చూసుకుంది. ఆ పరీక్ష 1962లో అచ్చయింది. ఇప్పుడు ప్రపంచమంతా, "నేను ఐ.ఎన్.ఎఫ్.జె., నువ్వేమిటి?" అని అడుగుతూ తిరుగుతున్న పదహారు రకాలూ ఆ తల్లీకూతుళ్ళు పెట్టినవే.

ఆవిడ మీద నాకు గౌరవం ఉంది. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి ఇంకో రకం తేలుతుందని పరిశోధకులు ఎత్తిచూపారు, అదీ నిజమే. ఉద్యోగాలకు ఎంచుకోవడానికి దీన్ని వాడొద్దని ఆ పరీక్షను అమ్మేవాళ్ళే చెబుతారు. కానీ నన్ను ఆపేసిన విషయం వేరు. ఆలోచనతో నడిచే మనిషా, మనసుతో నడిచే మనిషా అని తేల్చే ప్రశ్నలకు చాలాకాలం ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మార్కులు వేరువేరుగా వేసేవాళ్ళు. ఒకే జవాబు మీద ఇద్దరూ టిక్కు పెడితే ఒకే విలువ కాదు. ఆడవాళ్ళు ఎలా జవాబివ్వాలని లోకం నేర్పిందో ఆవిడకి తెలుసు కాబట్టి ఆ వాటాను తీసేసి లెక్కగట్టిందన్నమాట. అమ్మమ్మ శిక్షణను లెక్కలోకి తీసుకున్న మొదటి పరీక్ష ఇదేనేమో!

ఇక నక్క సంగతి. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీకి డాన్ రివర్ దగ్గర ఒక విద్యుత్ కేంద్రం ఉండేది. 95 మంది పనివాళ్ళలో 14 మంది నల్లజాతివాళ్ళు. వాళ్ళకు కూలిపని విభాగం ఒక్కటే. అందులో అందరికన్నా ఎక్కువ జీతం, మిగతా విభాగాల్లో అందరికన్నా తక్కువ జీతం కంటే తక్కువ. 1965 జులై 2న ఉద్యోగాల్లో జాతి వివక్ష కూడదనే చట్టం అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజునుంచే, మంచి విభాగాల్లో కొత్తగా చేరాలంటే హైస్కూలు చదువుతోబాటు రెండు పరీక్షలు కూడా గట్టెక్కాలని కంపెనీ రూలు పెట్టింది. అందులో ఒకటైన వండర్లిక్‌లో పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నలు చెయ్యాలి. పాతవాళ్ళు విభాగం మారాలన్నా ఈ పరీక్షలో, హైస్కూలు సర్టిఫికెట్టో ఉండి తీరాలి. పిల్లల్ని వేరువేరు బళ్ళలో, తక్కువరకం బళ్ళలో చదివించిన రాష్ట్రం అది. ఫలితం చెప్పక్కరలేదు.

విల్లీ గ్రిగ్స్‌తో కలిపి పదమూడుమంది కోర్టుకెక్కారు. 1971 మార్చి 8న సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి బర్గర్ మన చిన్నప్పటి కథ ఎత్తాడు. నక్క కొంగను విందుకి పిలిచి వెడల్పు పళ్ళెంలో వడ్డించిన కథ. పాలు ఇద్దరికీ పెట్టాం కదా అంటే చాలదు, ఇద్దరూ తాగగలిగే గిన్నెలో పెట్టాలని దాని భావం. పరీక్షలే వద్దని కోర్టు అనలేదు. నీ మనసులో చెడు లేదంటే కుదరదు, ఈ పరీక్షకీ ఆ పనికీ సంబంధమేమిటో చూపించు అని కంపెనీనే అడిగింది.

కంపెనీ చూపించలేకపోయింది. ఎలా చూపిస్తుంది? ఆ రూళ్ళు రాకముందు అవే విభాగాల్లో చేరిన తెల్లవాళ్ళలో హైస్కూలు దాటనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఆ పరీక్షలు రాయనే లేదు. పని చక్కగా చేస్తున్నారనీ, ప్రమోషన్లు కూడా అందుకుంటున్నారనీ కోర్టు రికార్డుల్లోనే ఉంది.