పెట్రోలు పన్నులో చదువుల వాటా

అమెరికాలో రోడ్ల చదువుకు ప్రభుత్వం సొమ్ము పెట్టడం మట్టిబాటల కాలంలోనే మొదలైంది. 1893లో రోడ్ల స్థితిగతులు విచారించే చిన్న కార్యాలయం ఒకటి తెరిచి, 10,000 డాలర్లు చేతిలో పెట్టారు. అది వ్యవసాయ శాఖ కింద ఉండేది. వానకు బండి దిగబడితే మునిగేది రైతే కదా!

1934 నాటి హేడెన్-కార్ట్‌రైట్ చట్టం ఈ ఖర్చుకు ఒక లెక్క కట్టింది. రాష్ట్రాలకు వచ్చే ఫెడరల్ రోడ్ల నిధుల్లో నూటికి ఒకటిన్నర వంతు దాకా సర్వేలకు, ఇంజనీరింగ్ పరిశోధనకు వాడుకోవచ్చన్నది. అయితే ఆ డబ్బు వెళ్ళింది రాష్ట్రాలకే. విశ్వవిద్యాలయాలకంటూ ప్రత్యేక పద్దు పడటానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఈలోగా 1956లో పెట్రోలు మీద పన్ను గ్యాలన్‌కు మూడు సెంట్లు చేసి, హైవే నిధి నెలకొల్పి, అంతర్రాష్ట్ర రహదారులు వేయడం మొదలుపెట్టారు.

1987లో విశ్వవిద్యాలయ రవాణా కేంద్రాల పథకం వచ్చింది. దేశాన్ని పది ప్రాంతాలుగా చూసి, ప్రాంతానికొక కేంద్రం ఇచ్చారు. ఫెడరల్ డాలరుకు మరో డాలరు విశ్వవిద్యాలయమే తెచ్చుకోవాలన్నది షరతు. నా దృష్టిలో పథకానికి ప్రాణం ఈ షరతే. ఆ రెండో డాలరు కోసం ప్రొఫెసర్లు రాష్ట్ర రహదారుల శాఖ గడప తొక్కాల్సిందే. తొక్కితే ఏ వంతెన పగుళ్ళిస్తోందో, ఏ కూడలిలో జనం చస్తున్నారో తెలుస్తుంది.

తర్వాత రాజకీయం దూరింది. 1998 చట్టంతో కేంద్రాలు 33 అయ్యాయి. 2005కల్లా 60. ఆ అరవైలో పోటీపడి నెగ్గినవి ఇరవయ్యే, తక్కినవాటికి చట్టమే దారి వేసింది. తన నియోజకవర్గంలోని కాలేజీకి చట్టంలో చోటు ఇప్పించుకునే విద్య మన నాయకుల సొంతమేమీ కాదు.

2012 చట్టం ఆ తలుపు మూసేసింది. పోటీలో నెగ్గినవారికే డబ్బు: మొత్తం 35 కేంద్రాలు, ఏడాదికి 7.25 కోట్ల డాలర్లు. జాతీయ, ప్రాంతీయ కేంద్రాలకు డాలరుకు డాలరు షరతు, చిన్నవాటికి అందులో సగం. ఈ చరిత్ర మొత్తంలో తెలివైన మలుపు ఇదేనంటాను.

ఇక డబ్బు మూలానికొస్తే, పెట్రోలు పన్ను 1993 నుంచి గ్యాలన్‌కు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. హైవే నిధికి చాలకపోవడంతో 2008 నుంచి సాధారణ ఖజానా సొమ్ము కలుపుతున్నారు. అయినా 2021 మౌలిక వసతుల చట్టం చేయి బిగించలేదు. దాని కింద 2023లో ఈ కేంద్రాలకు ఐదేళ్ళకు కలిపి 43.5 కోట్ల డాలర్లు ప్రకటించారు.

ఐదేళ్ళ మాట రెండేళ్ళకే వీగింది. 2025 మే నెలలో రవాణా శాఖ ఏడు విశ్వవిద్యాలయాల గ్రాంట్లు, సుమారు 5.4 కోట్ల డాలర్లవి, రద్దు చేసింది. వాతావరణం, సామాజిక సమానత వంటి అంశాల మీద పని చేస్తున్నాయన్నది అభ్యంతరం. పోటీలో నెగ్గితే చాలదని తేలింది. 2021 చట్టం గడువు 2026 సెప్టెంబరు 30.