కేసు తేలేదాకా తినేదేమిటి?

మాడుగులపల్లి అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీదున్న మండల కేంద్రం. పుట్టింటికి తిరిగొచ్చిన ఆడబిడ్డ ఇక్కణ్ణుంచి కోర్టుకెక్కాలంటే మిర్యాలగూడకో నల్లగొండకో బస్సెక్కాలి. వకీలు ముందు కూర్చున్న తల్లికి విడాకుల సంగతి తర్వాత. ముందు, కేసు తేలేదాకా పిల్లలకు ఏం పెట్టాలి? ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబివ్వడానికి మన చట్టానికి వందేళ్లకు పైగా పట్టింది.

భార్యాపిల్లలను గాలికొదిలేసినవాడు నెలకు 50 రూపాయలు మించకుండా మనోవర్తి కట్టాలని 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 1898 కోడ్‌లో అది 488వ సెక్షన్. పరిమితి 1923లో 100కు, 1955లో 500కు పెరిగింది. నిజాం పాలన పోయాక, 1951 ఏప్రిల్ 1 నుంచి ఆ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికీ, దాంతోపాటు నల్లగొండ జిల్లాకూ వర్తించింది. 1974లో కొత్త కోడ్‌తో దాని స్థానంలో 125వ సెక్షన్ వచ్చింది. పరిమితి మాత్రం 500 దగ్గరే ఉండిపోయింది.

డబ్బు తక్కువన్నది ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ కాలయాపన. నోటీసు అందలేదని ఒక వాయిదా, కౌంటరు వేయలేదని ఇంకో వాయిదా. ఈలోగా భర్త పైసా ఇవ్వకపోయినా అడిగేవారు లేరు. 1955 హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్‌లో మధ్యంతర భరణం ఉంది గానీ, ఆ చట్టం కింద విడాకుల వంటి కేసేదో నడుస్తుంటేనే అది దక్కుతుంది. మేజిస్ట్రేటు దగ్గర మనోవర్తి మాత్రమే అడిగే పేదరాలికి ఆ దారి మూసుకునే ఉంది.

దాన్ని తెరిచింది 1985 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కోడ్‌లో మధ్యంతర భరణం అన్న మాట లేకపోయినా, మనోవర్తి ఇప్పించే అధికారంలోనే అదీ ఇమిడి ఉందని జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య రాశారు. పదహారేళ్లకు పార్లమెంటు మేల్కొంది. 2001 సవరణ 500 పరిమితిని ఎత్తేసింది. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లోగా వీలైనంతవరకు తేల్చాలంది.

అసలైన తొందర తెలిసిన చట్టం మాత్రం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టమే. జనం నోట ఇది డీవీసీ కేసు. దరఖాస్తుతో పాటు మూడో నంబరు ఫారంలో ఒక ప్రమాణపత్రం పెడతారు. అవతలివాడితో ఎక్కడ కలిసి ఉంది, హింస మళ్లీ జరుగుతుందన్న భయం, ఉపశమనం వెంటనే ఎందుకు కావాలి అన్నవి అందులో ఉండాలి. ఆ కాగితం చూసి నమ్మకం కుదిరితే, అవతలివాడు రాకముందే మేజిస్ట్రేటు 23వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వొచ్చు: ఆమె జోలికి పోవద్దని, ఇంట్లోంచి గెంటొద్దని, ఖర్చులకు డబ్బివ్వాలని. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు. ఏకపక్షమని దీన్ని తప్పుపట్టేవారున్నారు. అవతలివాడు తర్వాత వచ్చి తన వాదన చెప్పుకోవచ్చు. రాత్రికి రాత్రి వీధిన పడిన మనిషి మాత్రం తర్వాతి వాయిదా దాకా ఆగలేదు.

మళ్లీ 125వ సెక్షన్‌కే వస్తే, దానిపై ఇటీవలి పెద్ద తీర్పుకు మూలం తెలంగాణలోని ఒక మధ్యంతర ఉత్తర్వే. విడాకులైన ముస్లిం మహిళకు ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 ఇప్పిస్తే, హైకోర్టు 2023 డిసెంబరులో దాన్ని 10,000కు తగ్గించింది. విడాకులైన ముస్లిం మహిళల కోసం చేసిన 1986 చట్టం ఉండగా ఆమెకు 125వ సెక్షన్ వర్తించదంటూ మాజీ భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2024 జులై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఆ అప్పీలును కొట్టేశారు. అప్పటికే, అదే నెల 1 నుంచి, 125వ సెక్షన్ ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 144గా మారింది.

ఉత్తర్వు వచ్చినా కట్టనివాళ్లు ఉన్నారు. బకాయి పడిన ఏడాదిలోగా వారంటు కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఆ గడువు దాటనివ్వకండి. వకీలు ఫీజు లేదని వెనకాడాల్సిన పనీ లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, పిల్లలకు వకీలును ఉచితంగా ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100.