రుసుము కట్టలేని వాది: పాపరు దావా నుంచి ఉచిత న్యాయసహాయం వరకు

వ్యాససంగ్రహం: సివిల్ కోర్టు గడప తొక్కడానికి కట్టవలసిన రుసుమును కట్టలేని వాదిని మన చట్టం ఎలా చూసిందన్నది ఈ వ్యాసవిషయం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 33వ ఆర్డరు, రాజ్యాంగంలోని 39ఎ అధికరణం, ప్రమాదాలకూ వైద్యంలో జరిగిన హానికీ సంబంధించిన కొన్ని సుప్రీంకోర్టు తీర్పులు ఇందుకు ఆధారాలు. కోర్టు రుసుము విషయంలో పేదకు దక్కిన మినహాయింపు ఆసుపత్రి రుసుము దగ్గరికి వచ్చేసరికి ఎలా తిరగబడిందో ఇందులో పరిశీలించాను.

కీలకపదాలు: పాపరు దావా, కోర్టు ఫీజు, న్యాయసహాయం, నష్టపరిహారం, వినియోగదారుడు, ప్రభుత్వ ఆసుపత్రి.

1. 'పాపరు' అనే మాట

తెలుగునాట 'ఐ.పి. పెట్టాడు' అంటే అర్థం కానివారు అరుదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటల పొడి అక్షరాలు దివాలాకు తెలుగు జాతీయంగా స్థిరపడ్డాయి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం మఫసలు కోర్టుల ద్వారా మన వాడుకలోకి తెచ్చిన మాట అది. చట్టంలో దానికన్నా పాతది 'పాపరు'. ఆస్తి పోగొట్టుకున్నవాణ్ణి లోకం 'పాపరైపోయాడు' అంటుంది. కోర్టు పరిభాషలో మాత్రం పాపరు అంటే దావాకు కట్టవలసిన ఫీజు కట్టే స్తోమత లేనివాడు. ఐ.పి. పెట్టేవాడు అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతాడు. పాపరు దావా వేసేవాడు తనకు న్యాయంగా రావలసినదాన్ని అడుగుతాడు. ఈ ఇద్దరినీ లోకవ్యవహారం ఒకే గాటన కట్టింది. అడిగే హక్కు ఉన్నవాడికి కూడా దివాలా తీసినవాడి అప్రతిష్ఠ అంటుకోవడానికి ఈ కలగలుపు కొంత కారణమని నా అభిప్రాయం.

పేదవాడు రుసుము లేకుండా వ్యాజ్యం నడుపుకోవచ్చన్న ఊహ ఇంగ్లండులో 1495 నాటి శాసనంతో చట్టరూపం దాల్చింది. మనదేశంలో 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ పాపరు దావాలకు చోటిచ్చింది. 1908 కోడ్ దాన్ని 33వ ఆర్డరులో, పాపరు అప్పీళ్లను 44వ ఆర్డరులో క్రోడీకరించింది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలో ఈ నిబంధనలు మొదటినుంచీ అమలులో ఉండగా, హైదరాబాదు రాజ్యంలోని తెలుగు ప్రాంతానికి ఈ కోడ్ 1951 ఏప్రిల్ 1న వర్తించింది.

2. కట్టుబట్టలు మినహా

33వ ఆర్డరు పాఠం చదివినవారికి అందులోని ఔదార్యం, అనుమానం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. దావాకు నిర్ణయించిన ఫీజు చెల్లించడానికి తగిన స్తోమత లేనివాడు పాపరు. ఫీజు ఇంతని నిర్ణయించని దావాలలో, ఒంటిమీది అవసరమైన బట్టలూ దావా ఆస్తీ మినహాయించి వంద రూపాయల ఆస్తి కూడా లేనివాడు పాపరు. సర్వస్వం పోగొట్టుకున్నవాణ్ణి 'కట్టుబట్టలతో మిగిలాడు' అంటాం. ఈ జాతీయాన్ని శాసనకర్త అక్షరాలా కొలమానంగా వాడుకున్నట్టుంది.

ఇక అనుమానం సంగతి. దరఖాస్తుదారు స్వయంగా కోర్టుకు వచ్చి దరఖాస్తు ఇవ్వాలి. న్యాయాధికారి అతణ్ణి ప్రశ్నించవచ్చు. ప్రతివాదికీ గవర్నమెంటు ప్లీడరుకూ నోటీసు వెళుతుంది, ఆ పేదరికం నిజం కాదని రుజువు చేసే అవకాశం ఇద్దరికీ ఉంటుంది. దరఖాస్తుకు ముందు రెండు నెలలలోపు మోసపూరితంగా ఆస్తిని ఎవరికైనా దఖలు పరచినా, దావా ఆస్తిలో మరొకరికి వాటా ఇస్తానని ఒప్పందం చేసుకున్నా దరఖాస్తు తోసివేయవలసిందే. తోసివేస్తే అదే హక్కుపై మళ్లీ పాపరుగా దరఖాస్తు పెట్టుకోవడానికి వీలులేదు. మామూలు దావా వేసుకోవచ్చు గాని, తన దరఖాస్తును ఎదిరించడానికి ప్రభుత్వమూ ప్రతివాదీ పెట్టిన ఖర్చులు ముందుగా చెల్లించాలి. ఫీజు కట్టలేనన్నవాడు ఆ ఫీజుతోపాటు ఎదుటివాడి ఖర్చులు కూడా మోయాలన్నమాట.

మరొక విషయాన్ని పరిశోధకులు తరచుగా దాటవేస్తారు. పాపరుకు దక్కేది రుసుము మాఫీ కాదు, వాయిదా మాత్రమే. గెలిస్తే ఆ ఫీజు దావా ఆస్తిపై మొదటి భారంగా ప్రభుత్వానికి చెందుతుంది. ఓడితే వాదినే చెల్లించమని కోర్టు ఆదేశిస్తుంది. అందుచేత పాపరు దావాను దానధర్మాల చరిత్రలో కన్నా ప్రభుత్వ రాబడి చరిత్రలో చేర్చి చదవడమే సరైన పద్ధతి.

1976 సవరణ 'పాపర్' స్థానంలో 'ఇండిజెంట్ పర్సన్' అనే మాటను చేర్చింది. వంద రూపాయలు వెయ్యి అయ్యాయి. జప్తుకు వీలులేని ఆస్తి లెక్కలోకి రాదన్నారు. 60వ సెక్షను ప్రకారం వంటపాత్రలు, పడకలు, మతాచారాన్నిబట్టి స్త్రీ విడిచిపెట్టకూడని ఆభరణాలు జప్తుకు అతీతాలు. ఆ లెక్కన మెడలోని మంగళసూత్రం స్త్రీకి 'స్తోమత' కాదు. వకీలును పెట్టుకోలేని వాదికి కోర్టే వకీలును ఇవ్వవచ్చన్న 9ఎ నియమం కూడా అప్పుడే వచ్చింది. అయితే తర్వాత జరిగినది చూడండి: 33వ ఆర్డరులోని 'వ్యక్తి' అన్న పదంలో కంపెనీ కూడా చేరుతుందని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కట్టుబట్టల కోసం పుట్టిన నిబంధన చివరికి కట్టుబట్టలే లేని వ్యక్తికి కూడా ఉపయోగపడింది.

3. ప్రమాదబాధితులు

రైలు, యంత్రం, బస్సు వచ్చాక పేదవాది స్వరూపం మారింది. మనోవర్తి కోసమో, వాటా కోసమో కోర్టుకెక్కినవారి పక్కన, చెయ్యి పోగొట్టుకున్న కార్మికుడూ సంపాదించే మనిషిని పోగొట్టుకున్న కుటుంబమూ చేరారు. 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం మృతుని భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున నష్టపరిహారం అడగడానికి దారి చూపింది. కాని ఆ దారి సివిల్ కోర్టు గుండానే పోతుంది, అక్కడ ఫీజు ఉంటుంది. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం కార్మికుణ్ణి సివిల్ కోర్టు నుంచి తప్పించి కమిషనరు ముందు నిలబెట్టింది. ఏ అవయవం పోతే సంపాదనశక్తి ఎంత శాతం పోయినట్టో పట్టికలో రాసిపెట్టింది. ఆ పట్టిక చదవడానికి కటువుగా ఉంటుంది. అయినా తప్పు ఎవరిదో రుజువు చేసే బరువును అది చాలావరకు కార్మికుని తలపైనుంచి దించింది.

మోటారు ప్రమాదాల విషయంలో 1979 నాటి హర్యానా కేసు ముఖ్యమైనది. ప్రభుత్వ బస్సు కింద పడి చనిపోయిన వ్యక్తి భార్యా కుమార్తే పరిహారం కోరారు. ఫీజు కట్టే స్తోమత వారికి లేదు. 33వ ఆర్డరు సివిల్ కోర్టుకే గాని ప్రమాద పరిహార ట్రిబ్యునలుకు వర్తించదని వాదిస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది స్వయంగా రాష్ట్ర ప్రభుత్వమే. మనిషిని చంపిన బస్సు ప్రభుత్వానిది, ఫీజు వసూలు చేసుకొనేదీ ప్రభుత్వమే. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదాన్ని తిరస్కరించడమే కాక, సంక్షేమరాజ్యం ఇలాంటి వాదాన్ని ఎత్తుకోవడాన్నే తప్పుపట్టారు.

ఆయన మాటకు వెనుక మూడు దశాబ్దాల కృషి ఉంది. 1949లోనే బొంబాయిలోనూ పశ్చిమ బెంగాలులోనూ న్యాయసహాయంపై కమిటీలు ఏర్పడ్డాయి. 1958లో లా కమిషన్ 14వ నివేదిక దాన్ని ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. 1971లో గుజరాత్ కమిటీకి జస్టిస్ పి.ఎన్. భగవతి, 1973లో కేంద్ర కమిటీకి కృష్ణయ్యర్ నివేదికలు రాశారు. 42వ సవరణ ద్వారా వచ్చిన 39ఎ అధికరణం 1977 జనవరి 3న అమలులోకి వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణ ఫిబ్రవరి 1న వచ్చింది. పౌరహక్కులను కుదించిన ఎమర్జెన్సీ కాలపు శాసనసభే పేదకు న్యాయసహాయాన్ని రాజ్యాంగంలో రాసింది. చరిత్రకారుడు ఈ రెంటిలో దేన్నీ దాచి రెండోదాన్ని చెప్పకూడదు.

4. 1995 నవంబరు, ఆ తర్వాత

1987లో పార్లమెంటు ఆమోదించిన లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం అమలులోకి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ రోజు 1995 నవంబరు 9. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తుల బాధితులు మొదలైనవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ చట్టం 12వ సెక్షను అర్హత ఇచ్చింది. పేదరికాన్ని రుజువు చేసుకోవలసిన అగత్యం వీరికి తప్పింది. 33వ ఆర్డరు దృష్టితో పోలిస్తే ఇది పెద్ద మలుపు.

సరిగ్గా నాలుగు రోజులకు, నవంబరు 13న, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవను 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. ఆ చట్టం కింద తొలి సంవత్సరాలలో ఫిర్యాదుకు రుసుమే లేదు. వైద్యంలో నష్టపోయినవారికి అది తక్కువ ఖర్చుతో తెరుచుకున్న తలుపు. కాని ఆ తీర్పే ఒక గీత గీసింది. డబ్బు తీసుకొని వైద్యం చేసే ఆసుపత్రిలో చికిత్స పొందినవాడు వినియోగదారుడు. కొందరి దగ్గర తీసుకొని, కొందరికి ఉచితంగా చేసే చోట ఆ ఉచిత రోగి కూడా వినియోగదారుడే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రిలోని రోగి మాత్రం కాడు. రిజిస్ట్రేషను కోసం నామమాత్రంగా తీసుకొనే చిల్లర ఈ స్థితిని మార్చదు. రుసుము కట్టలేదన్న కారణంతో కోర్టు బయట ఉండిపోయినవాణ్ణి 39ఎ లోపలికి పిలిచింది. ఆ వారంలోనే, ఆసుపత్రిలో రుసుము కట్టలేదన్న కారణంతో అతడే వినియోగదారుల ఫోరం బయట నిలబడ్డాడు.

అతనికి మిగిలింది సివిల్ దావా, లేదా రిట్. సివిల్ దావా నడక ఎలాంటిదో ఔరంగాబాదు కేసు చెబుతుంది. 1963లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స సమయంలో కడుపులో గుడ్డ వదిలివేయడంతో ఒక స్త్రీ మరణించింది. కింది కోర్టు ఇచ్చిన 36,000 రూపాయల డిక్రీని హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు 1996లో దాన్ని పునరుద్ధరించింది. అప్పటికి 33 ఏళ్లు గడిచాయి. రిట్ మార్గంలో అదే ఏడాది పశ్చిమబంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు వచ్చింది. రైలు నుంచి పడిన వ్యవసాయ కార్మికుణ్ణి పలు ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోకపోవడం జీవించే హక్కుకు భంగమని కోర్టు 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. నిధులు లేవన్న సాకుతో ప్రభుత్వం పేద ముద్దాయికి న్యాయసహాయం నిరాకరించలేదన్న పూర్వపు తీర్పుల తర్కాన్నే అక్కడ వైద్యసహాయానికి అన్వయించింది. న్యాయసహాయ ఉద్యమపు ఫలితం వైద్యరంగానికి చేరిన తీరుకు ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం నాకు కనబడలేదు.

మందుల విషయం మరీ వెనుకబడి ఉంది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిసరాల్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ మందుల నియంత్రణ శాఖ లోపాలను బయటపెట్టింది. కాని 1940 నాటి ఔషధ చట్టం ప్రధానంగా నేరచట్టం. తయారీదారును శిక్షించగలదు, బాధితుని చేతిలో పైసా పెట్టదు. జరిమానాను బాధితునికి లేదా అతని బంధువులకు పరిహారంగా ఇచ్చే నిబంధన 2008 సవరణతోగాని రాలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్టమైన వస్తువుకు తయారీదారును జవాబుదారీ చేస్తూ ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చింది. ఉచిత సేవను మాత్రం పాత చట్టంలాగే నిర్వచనం బయటే ఉంచింది.

అయితే అదే చట్టంలో వస్తువులకు వేరే సూత్రం ఉంది. కొన్నవాని అనుమతితో వాడుకొనేవాడు కూడా వినియోగదారుడే. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రను రోగి కొనలేదు, ప్రభుత్వం డబ్బిచ్చి కొన్నది. కొన్న ప్రభుత్వమే తన చేతులతో ఇచ్చిన మాత్ర వేసుకొన్నవాడు 'అనుమతితో వాడుకొన్నవాడు' ఎందుకు కాడు? వైద్యం ఉచితసేవ గనుక అతనికి స్థానం లేదనే వాదం ఇక్కడ నిలవదని నా అభిప్రాయం. అక్కడ సేవపై కాదు, వస్తువుపైనే ఫిర్యాదు. పరిహారం అడుగుతున్నది ఆసుపత్రిని కాదు, మందు తయారుచేసినవాణ్ణి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నియమించిన న్యాయవాది ఈ వాదంతో వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లడానికి 12వ సెక్షనులో ఏ అడ్డంకీ లేదు.