కళింగనగరంలో ఒక రోజు

ఉద్యోగ విరమణ చేసినవారు గుళ్ళు చూడటానికి కాశీ, రామేశ్వరాలకు బయలుదేరుతారు. మేమిద్దరం మాత్రం వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న శ్రీముఖలింగానికి వెళ్ళాం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం.

మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మూడింటినీ మా మోకాళ్ళతో సైతం ఒక పూటలో చూడవచ్చు. మధుకమంటే ఇప్పచెట్టు, శివుడు అందులోనే వెలిశాడని స్థలపురాణం. సోమేశ్వరాలయానికి ముఖమండపం లేదు. అందువల్ల కళింగశైలి శిఖరం నేలనుంచి పైదాకా అడ్డు లేకుండా కనబడుతుంది. నా మటుకు మూడింటిలో అదే అందం.

1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నాడు. అతని కాలంలోనే రాజధాని కటకానికి తరలింది. ఇక్కడ పల్లె మిగిలింది, గోడలమీద శాసనాలు మిగిలాయి. దర్శనం కాగానే వెనుదిరిగే జనం వాటివంక చూడరు. ఈ సమీపాన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి చూశారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, ప్రాచీన లిపిని స్వయంకృషితో నేర్చి వాటిని చదివారు. వాడుకభాషా ఉద్యమం అటు తరువాతి మాట.

వెళ్ళదలచినవారు ఉదయాన్నే వెళ్ళండి. ఏటవాలు ఎండలో అక్షరాల అంచులు తేటపడతాయి. మధ్యాహ్నానికి అంతా ఒకే రాయి.