వెల్లకిలా పడుకున్న పసిబిడ్డ ఏం నేర్చుకుంటుంది?

ఇక్కడ దోహాలో కూడా మన తెలుగువారిళ్ళలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతూనే ఉన్నాం. అంతకుముందు వెల్లకిలా పడుకుని గడిపే నెలలకు మాత్రం ఏ పిండివంటా లేదు. అసలు పనంతా జరిగేది అప్పుడే.

మాస్టర్స్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చదివిన నాకు ఇదొక ఫీడ్‌బ్యాక్ లూప్‌లా కనిపిస్తుంది. మొదట్లో బిడ్డ తల ఏదో ఒక పక్కకు వాలి ఉంటుంది. తల తిరిగిన వైపు చేయి చాచి, రెండో చేయి ముడుచుకునే భంగిమ మీరూ చూసే ఉంటారు. అది పుట్టుకతో వచ్చే ప్రతిచర్య. సుమారు నాలుగో నెలకు తల మధ్యలో నిలుస్తుంది, రెండు చేతులూ గుండెల మీద కలుసుకుంటాయి. తర్వాత మోకాళ్ళు, అయిదారు నెలలకు పాదాలు చేతికి అందుతాయి. కాళ్ళు అలా ఎత్తి ఉంచాలంటే పొట్ట కండరాలు గట్టిగా పనిచేయాలి. ఎత్తిన కాళ్ళ బరువు కాస్త పక్కకు తప్పితే బిడ్డ ఒత్తిగిలుతుంది. బోర్లా పడటానికి తొలిమెట్టు ఇదే!

కాళ్ళు తన్నుకోవడం వట్టి ఆట కాదు. అప్పుడే పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకుంటే అడుగులు వేస్తున్నట్టు కాళ్ళు కదుపుతుంది. సుమారు రెండు నెలలకు అది మాయమవుతుంది. అమెరికన్ శాస్త్రవేత్త ఎస్తర్ థెలెన్, ఆమె సహచరులు 1984లో పసిపిల్లల కాళ్ళను నీళ్ళలో ఉంచి చూస్తే అడుగులు పెరిగాయి. అంటే నేర్చింది పోలేదు, కాళ్ళ బరువు పెరిగిందంతే. పడుకున్నప్పుడు ఆ బరువు అంతగా అడ్డురాదు కనుక అదే కదలిక తన్నులుగా సాగుతుంది.

నిద్ర మాత్రం వెల్లకిలానే. ఆకస్మిక శిశుమరణాలు తగ్గించేందుకు అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నది ఇదే. ఇలా నిద్రపోయే పిల్లలు కాస్త ఆలస్యంగా బోర్లా పడొచ్చు గానీ నడక ఆలస్యం కాదు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుట కాసేపు బోర్లా పడుకోబెట్టండి.

ఖతార్ ఎండల్లో మన బతుకంతా ఫ్లాటు, కారు, మాల్. కారులో కార్ సీటు తప్పదు. ఇంటికొచ్చాక కూడా బిడ్డను అందులోనో, బౌన్సర్‌లోనో బిగించి ఉంచితే ఒత్తిగిలేదెలా? విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ వెళ్ళిపోయాక ఇది మరీ ఎక్కువవుతుంది. నేల మీద దుప్పటి పరిస్తే చాలు. వాకర్ జోలికి వెళ్ళకండి, కెనడా 2004లోనే నిషేధించింది.

తల ఎప్పుడూ ఒకే వైపు తిప్పినా, ఒక చేయే వాడినా, ఒక కాలే తన్నినా వెల్-బేబీ క్లినిక్‌లో వెంటనే చెప్పండి. "మా వంశంలో అందరూ ఆలస్యమే" అనే మాట డాక్టరు చూశాక అనుకోవచ్చు.