నవాబుగారి గాలిమోటార్లు

భద్రాచలంలో సీతారామకల్యాణం చూసినవాళ్లకి ముత్యాల తలంబ్రాల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తానీషానాటి ఆనవాయితీ అని నిజాం నవాబులు కూడా గోదావరి దాటించి ముత్యాలు పంపేవారు. అయితే ఆ నవాబుగారు సముద్రాలు దాటించి యుద్ధవిమానాలు కూడా కానుక ఇచ్చారని మనలో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు. తెలిశాక మా అమ్మమ్మ చెప్పిన ఒక పాత ముచ్చటకి అర్థం బోధపడింది.

అమ్మమ్మ మెట్టినిల్లు మధిర పక్కన పల్లె. 1948లో ఆమె కొత్త కోడలు. "వంటింట్లో ఉన్నాను. ఒకటే మోత! గాలిమోటారు వచ్చిందే, లోపలికి రండే అని మా అత్త కేకేసింది. నేనేమో పొయ్యిమీద పాలు వదిలేసి పెరట్లోకి ఉరికాను, చూద్దామని" అనేది. అటువైపు పల్లెల్లో విమానానికి గాలిమోటారనే పేరు. "భయం వెయ్యలేదా అమ్మమ్మా?" అంటే, "వేసింది. సంతోషమూ వేసింది. రెండూ ఒక్కసారే" అనేది. అదేం సమాధానమో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజుల్లో మన ప్రాంతం ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఖమ్మం, మధిర, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యం, వరంగల్లు జిల్లా. గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు రాష్ట్రం, తూర్పుగోదావరి జిల్లా. భద్రాచలాన్ని నిజాం 1860లోనే ఇంగ్లీషువాళ్లకి వదులుకున్నాడు. మళ్లీ అది ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. మధ్యలో ఆ నూరేళ్లూ ఏరు ఒకటే, అడవి ఒకటే, భాష ఒకటే, రాజ్యాలు మాత్రం రెండు.

ఇక కానుకల కథకి వద్దాం. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిషువాళ్లు 110వ నంబరు విమానదళానికి విమానాలు సమకూర్చుకున్నారు. వాటి పేరు డీహెచ్ 9ఏ. కర్రచట్రానికి గుడ్డ తొడిగిన రెండంతస్తుల రెక్కలు, 400 గుర్రాల బలం ఉన్న ఇంజను. ముందు ఒక మరతుపాకి, వెనక సీట్లో కూర్చున్నతని చేతిలో ఇంకొకటి, పొట్టకింద సుమారు 300 కిలోల బాంబులు. మనం పెళ్లికిచ్చే గిన్నెలమీద పేరు చెక్కించినట్టే, హైదరాబాదు నిజాంగారి కానుక అని ఒక్కోదానిమీద రాయించారు. ఆ ఏడు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అవి జర్మనీ పట్టణాలమీద బాంబులు వేసివచ్చాయి.

రెండో యుద్ధం వచ్చేసరికి హైదరాబాదు పేరు ఇంకో రెండు దళాలకి తగిలించారు. 152వ దళం స్పిట్‌ఫైర్లు నడిపింది, 253వ దళం హరికేన్లు నడిపింది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్లతో జరిగిన పోరాటంలో ఈ రెండు దళాలూ ఉన్నాయి. 152వ దళం చిహ్నం ఏమిటనుకున్నారు? నిజాంగారి తలపాగా! దానికింద 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట.

ఏ ఖాతాలో రాసినా నవాబు ఖజానాకి మొదలు రైతు కట్టిన శిస్తే. అమ్మమ్మ అత్తవారూ కట్టారు. హరికేను అంటే వాళ్లకి తెలిసింది దూలానికి వేలాడే లాంతరొక్కటే. ఆ పేరుగల విమానం తమ రాజ్యం పేరు పెట్టుకుని లండను మీద తిరుగుతోందని వాళ్లకి ఎవరు చెబుతారు?

ఈలోగా అటు ఒడ్డువాళ్లకి ఇంకోరకం అనుభవమైంది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను ఓడమీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కాకినాడంటే భద్రాచలానికి అప్పటి జిల్లా కేంద్రమే కదా! యుద్ధమనేది ఎక్కడో సీమలో జరిగేది కాదని గోదావరి జిల్లాలవాళ్లకి ఆనాడు తెలిసింది.

యుద్ధం అయిపోయింది, దేశం స్వతంత్రమైంది. హైదరాబాదు మాత్రం యూనియన్‌లో చేరనని కూర్చుంది. పల్లెల్లో రజాకార్ల ఆగడాలు పెచ్చుమీరాయి. మధిర వైపునుంచి మూటాముల్లే కట్టుకుని కృష్ణా జిల్లాకి వలసపోయిన కుటుంబాలు ఎన్నో. మూడు దళాలకి పేరిచ్చిన నవాబుకి తన రాజ్యంలో చెప్పుకోదగ్గ యుద్ధవిమానబలం లేకపోయింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుంచి దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు చేరవేస్తే తప్ప గతిలేని పరిస్థితి.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యం నాలుగు దిక్కులా కదిలింది. పైన టెంపెస్టు విమానాలు. వీటిగురించి కాస్త చెప్పుకోవాలి. తయారుచేసింది ఇంగ్లండులోని హాకర్ కంపెనీ. మన వీధిలో గంప నెత్తినపెట్టుకొచ్చే హాకరు కాదు సుమండీ! హరికేను చేసిందీ ఆ కంపెనీయే. రెండింటికీ రూపకల్పన చేసింది ఒక్కడే, సిడ్నీ కామ్ అనే ఇంజనీరు. టెంపెస్టు అంటే గాలివాన.

స్కూటరు ఇంజన్లో పిస్టను పైకీ కిందకీ ఆడుతుంది చూడండి, టెంపెస్టు ఇంజనూ ఆ జాతిదే. కాకపోతే స్కూటరుకి ఒక సిలిండరైతే దీనికి పద్దెనిమిది, పూలచక్రంలో రేకుల్లా రెండు వరసల్లో. సుమారు 2,500 గుర్రాల బలం. చల్లబడ్డానికి నీళ్లు అక్కర్లేదు, గాలి చాలు. ఇది చిన్న సంగతి కాదు. నీళ్లతో చల్లబడే ఇంజనైతే కిందనుంచి ఒక్క తూటా తగిలి నీళ్లు కారిపోయినా కాసేపట్లో బిగుసుకుపోతుంది. నేలకి దగ్గరగా దిగి కొట్టే విమానానికి ఆ బెడద లేకపోవడం పెద్ద అండ. వేగం గంటకి సుమారు 700 కిలోమీటర్లు. అంటే ఖమ్మంనుంచి భద్రాచలానికి ఎనిమిది నిమిషాలు!

రెక్కల్లో నాలుగు ఫిరంగులు. ఒక్కోటి నిమిషానికి 700 పైచిలుకు గుళ్లు వదిలే వేగంతో పేలుతుంది. కానీ అంతసేపు పేల్చడానికి గుళ్లుండవు. మీట వదలకుండా నొక్కితే పావు నిమిషంలో అన్నీ ఖాళీ. అందుకే రెండేసి సెకండ్లు పొదుపుగా వాడాలి, నెలాఖరున మనం పంచదార వాడినట్టు. రెక్కలకింద 450 కిలోల బాంబులు రెండైనా, ఎనిమిది రాకెట్లైనా తగిలించుకోవచ్చు. రాకెట్లు వంతెనలకీ, కవచపు కార్లకీ. అయితే అవి వదిలితే సూటిగా పోవలసిందే, దారి మార్చుకోలేవు. గురి చూడాలంటే వైమానికుడు విమానం ముక్కునే లక్ష్యంవైపు తిప్పి కిందకి దూకాలి. అంటే లక్ష్యం కంటికి కనపడి తీరాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

బెజవాడనుంచి వచ్చిన సైన్యం కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేటకి నడిచింది. సూర్యాపేట దగ్గర విమానాలు ముందుగా దాడిచేసి దారి సుగమం చేశాయి. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు మూసీ వంతెన పేల్చేశాయి గాని, దాన్ని త్వరలోనే బాగుచేసుకుని సైన్యం ముందుకి పోయింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌదరికి లొంగిపోయాడు. అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

అసలు విచిత్రం ఇక్కడుంది. నిజాం తలపాగా చిహ్నంగాగల 152వ దళం 1947లో అప్పటి అవిభక్త భారతదేశంలోనే రద్దయింది. రద్దయ్యేనాటికి అది నడుపుతున్నవి టెంపెస్టులే! తన పేరున్న దళం అప్పుడు ఎక్కిన విమానంలాంటిదే మరుసటేడు తన రాజ్యం మీదకి వచ్చింది. ముత్యాలు రాముడి పాదాల దగ్గర పడ్డాయి గనక అవి నేటికీ పుణ్యంగా మిగిలాయి. యంత్రానికి కొన్నవాడి ఉప్పు గుర్తుండదు.

లొంగుబాటుతో కథ ముగిసిందా అంటే, లేదు. మరాఠ్వాడా వైపు ఎన్నో ముస్లిం కుటుంబాలకి కడగండ్లు అప్పుడే మొదలయ్యాయి. వేలమంది చనిపోయారని పండిత సుందర్‌లాల్ సంఘం రాసింది. ఇటు మన వైపు, భూమికోసం పోరాడుతున్న కమ్యూనిస్టు దళాలు మైదానం వదిలి పాల్వంచ, ఇల్లెందు, భద్రాచలం అడవుల్లోకి తప్పుకున్నాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తియ్యండి. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు ఆకుకి ఆకు కలిపి కప్పిన చోట పైనుంచి చూసేవాడికి కనిపించేది పచ్చదనమే. కనపడనిదాన్ని గాలివానైనా గురి చూసి కొట్టలేదు. వంతెన దగ్గర ఒక్కపూటలో తేలిన పని అడవిలో మూడేళ్లు నడిచింది, కాలినడకన. కోయగూడేలు ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. నవాబు కానుకలతోగాని, ఢిల్లీ కొలువుతోగాని ఏ సంబంధమూ లేని ఆ కోయ తల్లులే ఆఖరిదాకా మూల్యం చెల్లించింది.

1948 చివర్లోనే మన వాయుసేనకి జెట్లు వచ్చాయి. కొన్నేళ్లకి టెంపెస్టులు మూలపడ్డాయి. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటుంది. భారతదేశంనుంచి తిరిగి వెళ్లిన ఇంకొకటి బ్రిటిషు వాయుసేన మ్యూజియంవాళ్ల దగ్గరుంది. 1918లో జర్మన్ల చేతచిక్కి, బెర్లిను, పోలెండు తిరిగి 1977లో ఇల్లు చేరిన డీహెచ్ 9ఏ కూడా వాళ్ల దగ్గరే ఉంది. దానిమీద నిజాంగారి కానుక అన్న అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. శిస్తు కట్టినవాళ్ల పేర్లు మాత్రం దేనిమీదా లేవు.

అమ్మమ్మ పెరట్లోంచి తిరిగొచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందట. అత్తగారు తిట్టలేదట. భయమూ సంతోషమూ ఒక్కసారే అన్న ఆమె మాటకి ఇంతకంటే మంచి చరిత్రపాఠం నాకు ఎక్కడా దొరకలేదు.